మంగాయమ్మ పౌడరు డబ్బా

సర్కారు ఉద్యోగికి డబ్బా అడుగు కనపడుతుంది, డబ్బా మీద రాత కనపడుతుంది, లోపల ఉన్నది మాత్రం కనపడదు. ఈ విషయంలో మట్టపర్తి సూరన్న ఎవరితోనూ వాదనకు దిగడు. గోదారి సముద్రంలో కలుస్తుందా లేదా అని ఎవరైనా వాదించుకుంటారా? ఇదీ అంతే.

సూరన్నది వెదుళ్ళమెరక. ఊరి బళ్ళోనే చదువుకున్నాడు, అదీ ఆ బడిలో ఎంతవరకు ఉంటే అంతవరకే. ఆపైన చదవాల్సిన అవసరం అతనికి కనపడలేదు. చదివినవాళ్ళను చూశాక ఆ అభిప్రాయం గట్టిపడింది. మనిషి మాట తక్కువ. ఆ తక్కువ మాటల్లోనూ మెత్తనివి లేవు. వాటిని ఎదుటివాళ్ళకు మెత్తగా చేసి చెప్పే ఇల్లాలు ఒకామె ఉండేది, మంగాయమ్మ. మాఘమాసంలో పోయింది. పోవడం ఒక తప్పు. నేతిబీర విత్తనాలు ఎక్కడ దాచిందో చెప్పకుండా పోవడం ఇంకో తప్పు. సూరన్న ఆ రెండింటిలో దేన్నీ క్షమించలేదు.

చెప్పకపోవడానికి కారణం ఉంది. విత్తనం దాచిన చోటు నోటితో అనకూడదని ఆ ఇళ్ళల్లో పట్టింపు. అంటే ఎలుక వింటుంది. అందుకని మంగాయమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ ముక్క మొగుడి చెవిన కూడా వెయ్యలేదు. ఏటా మృగశిర కార్తెలో తొలివాన పడగానే గుప్పిట మూసుకుని పెరట్లోకి వచ్చి, "గుంట తియ్యండి" అనేది. సూరన్న గుంట తీసేవాడు. ఆమె గుప్పిట విప్పేది. నేతిబీర సాగు గురించి అతనికి తెలిసింది అంతే.

ఆ విత్తనం ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. పుట్టింట్లో ఆ పాదు ఎప్పుడో పోయింది. ఇప్పుడు లోకం మొత్తం మీద అది సూరన్న కంచె మీదే పాకుతుంది. బజారు విత్తనం వేస్తే కాయ నిండా పీచే. ఒళ్ళు రుద్దుకోవడానికి తప్ప పనికిరాదు. మంగాయమ్మ కాయ పచ్చడి చేస్తే మాత్రం పక్కింటివాళ్ళు ఏదో పని కల్పించుకుని అన్నం వేళకే వచ్చేవాళ్ళు.

ఆమె పోయాక సూరన్న ఇల్లంతా వెతికాడు. ఉట్టి దింపాడు. గాదె కింద చూశాడు. పాత చీరల మడతలు విప్పాడు, దిండ్లు చించాడు. కనపడలేదు.

"ఎలక్కి చెప్పకపోతే సరే, నాకేం రోగం వచ్చిందని చెప్పలేదే?" అని గోడ మీది ఫొటోని అడిగాడు. ఫొటో కూడా చెప్పలేదు.

ఇక్కడ ఇలా ఉండగా అక్కడ రాజధానిలో కొందరు పెద్దలకు ప్లాస్టిక్ మీద కోపం వచ్చింది. ప్లాస్టిక్ అంతటి మీదా కోపం తెచ్చుకోవడం కష్టం. వాళ్ళు కూర్చున్న కుర్చీలు అవే, ముందు పెట్టుకున్న నీళ్ళ సీసాలూ అవే. అంచేత పౌడర్లు, స్నోలు, షాంపూలు వచ్చే డబ్బాల మీద మాత్రం కోప్పడాలని తీర్మానించి, అలంకరణ ప్లాస్టిక్ నివారణ మండలిని స్థాపించారు. మండలి లెక్కలు తీయించింది. ఊళ్ళలోకి వెళ్ళిన డబ్బాలు వెళ్ళినట్టే ఉన్నాయి, తిరిగి చెత్తలోకి రావడం లేదు. వెదుళ్ళమెరక నుంచి ఒక్కటంటే ఒక్కటి కూడా రాలేదు. అక్కడి ప్రజలు డబ్బాలను అక్రమంగా నిల్వ చేస్తున్నారని మండలి నిర్ధారించింది.

నిల్వ చెయ్యడం నిజమే. వెదుళ్ళమెరకలో డబ్బా పారెయ్యరు. అందులో శాస్త్రమేమీ లేదు. మూత గట్టిగా పట్టే వస్తువును పారెయ్యడానికి ఆడవాళ్ళకు చెయ్యి రాదు. పౌడరు అయిపోతే ఆవాలు పోస్తారు. స్నో అయిపోతే కుంకుమ. షాంపూ అయిపోతే ఆముదం. అసలు కొందరు ముందు డబ్బా చూసి, ఇందులో ఏం పోసుకోవచ్చో ఆలోచించుకుని, ఆ తరవాతే లోపలి సరుకు కొంటారు.

ఈ నిల్వలను బయటికి తియ్యడానికి మండలి ఒక మనిషిని పంపింది. ఆయన పేరు హేమచంద్ర, హోదా క్షేత్ర పాత్రాధికారి. ప్లాస్టిక్ మీదే పెద్ద చదువు చదివాడు. తెల్ల చొక్కా వేసుకుని, మైకు కట్టిన జీపులో దిగాడు. మొట్టమొదట సూరన్న పక్కింట్లోకి, నాగరత్నం వంటింట్లోకి వెళ్ళాడు.

"అమ్మా, ప్లాస్టిక్కుల్లో జాతులుంటాయి. ఏ జాతో అడుగున త్రికోణంలో అంకె వేసి ఉంటుంది. పాత్ర లభించిన వెంటనే అధికారి ముందుగా అడుగు పరిశీలించవలెను" అంటూ స్నో డబ్బా అందుకున్నాడు.

"చూద్దురుగాని బాబుగారూ, దాని మూత కాస్త..."

హేమచంద్ర అప్పటికే డబ్బాను తలకిందులు చేశాడు. అడుగు పరిశీలించమని ఉంది గాని, మూత బిగించి పరిశీలించమని ఉత్తర్వుల్లో లేదు. కుంకుమంతా ఆయన చొక్కా మీద పడింది.

"అయిదు. పాలీప్రొపిలీన్" అన్నాడు, ఎర్రగా నిలబడి.

"అయ్యో, గుడికెళ్ళొచ్చినట్టున్నారండి" అంది నాగరత్నం.

తరవాత షాంపూ సీసా. "సీసా పీఈటీ. మూత పాలీప్రొపిలీన్. ఇవి వేర్వేరు జాతులు. కలిసి ఉండడం పునర్వినియోగ సూత్రాలకు విరుద్ధం." మూత తీసి ఒక సంచిలో వేశాడు, సీసా ఇంకో సంచిలో వేశాడు. ఆముదం రెండో సంచిలోంచి ఆయన బూట్ల మీదికి దారి చూసుకుంది.

"జాతులు చూసి విడదీస్తారేంటండీ? నా పెళ్ళయిన కాణ్ణించీ కాపరం చేస్తన్నాయి ఆ రెండూనూ. ఏనాడూ ఓ చుక్క కారలేదు."

"భావోద్వేగాలకు తావులేదమ్మా. ఇంతకీ ఇది షాంపూ. తలకు వాడకుండా ఎందుకు నిల్వ చేశారు?"

"ఆముదం బాబూ అది!"

"సీసా మీద షాంపూ అని ఉంది."

"మీద ఉంది. లోపల లేదు."

హేమచంద్ర ఓపిక గల మనిషి. నిబంధనల పుస్తకం తీసి చదివాడు. "పదకొండో నిబంధన. పాత్రపై ఏది ముద్రితమై ఉన్నదో, పాత్రయందు అదే ఉన్నట్లు పరిగణించవలెను. ఎందుకంటే అమ్మా, ప్రతి డబ్బా మూత తీసి చూడాలంటే మాకు అంత సిబ్బంది లేరు."

నాగరత్నం కారుతున్న ఆముదం కింద గిన్నె పెట్టింది.

నిండుగా ఉన్న డబ్బాలకు మండలి సిబ్బంది కాగితపు ముద్రలు అంటించారు. ముద్ర చింపి లోపలి సరుకు ఇంకో గిన్నెలోకి మార్చితే అది పాత్రాంతరం అనే నేరం అవుతుందని మైకులో చాటారు.

ఆ తరవాత జీపు సూరన్న గుమ్మం ముందు ఆగింది.

"పెద్దాయనా, ఇంట్లో సౌందర్య సామగ్రి ఏమైనా ఉందా?"

సూరన్న అరుగు మీంచి లేవలేదు. "నా మొహం చూసి అడుగుతున్నావా, చూడకుండా అడుగుతున్నావా?"

హేమచంద్ర చూశాడు. చూసినా, నిబంధన ప్రకారం ఇల్లు వెతకాలి. మనుషులు అటక ఎక్కారు. సూరన్న చెయ్యి అందని మూల, దుమ్ములో విరిగిన లాంతరు వెనక నుంచి ఒక పౌడరు డబ్బా దింపారు. గులాబిరంగు వెలిసిపోయింది. జడలో పువ్వు పెట్టుకున్న ఆడమనిషి బొమ్మ మాత్రం ఇంకా నవ్వుతోంది.

సూరన్నకు ఆశ్చర్యం వేసింది. మంగాయమ్మ జన్మలో పౌడరు రాసుకోలేదు. పసుపు రాసుకునేది.

హేమచంద్ర డబ్బాను తలకిందులు చేశాడు. ఈ మూత మాత్రం గట్టిది, ఊడలేదు. "రెండు. హెచ్‌డీపీఈ" అన్నాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.

గలగలమంది.

సూరన్న అరుగు మీంచి దూకాడు. ఆ వయసులో అలా దూకుతాడని అతనికే తెలియదు. ఆ చప్పుడు అతనికి తెలుసు. ఏటా తొలివాన నాడు, మూసిన గుప్పిటలో విన్న చప్పుడు అది. డబ్బా మూతకున్న చిల్లుల్లోంచి పిసరంత బూడిద రాలింది. పురుగు పట్టకుండా విత్తనాన్ని బూడిదలో కలిపే దాస్తారు.

"అయి నా యిత్తనాలు. ఇటియ్యి."

"ఇది పౌడరు పెద్దాయనా."

"పౌడరు గలగలలాడుద్దా?"

"పాతబడింది కదా. గడ్డలు కట్టి ఉంటుంది."

"బాబూ, అది నేతిబీర. మా ఆవిడ దాచింది. మూత పీకి చూడు."

"చూడకూడదు. చూస్తే నాకు అందులో ఏముందో తెలిసిపోతుంది. తెలిశాక నిష్పక్షపాతంగా వ్యవహరించలేను." అని, హేమచంద్ర డబ్బా మూతకు అడ్డంగా ముద్ర అంటించి, జీపులో పెట్టించాడు.

మండలికి కావలసింది ఖాళీ డబ్బాలు. ఊళ్ళో ఉన్నవి నిండు డబ్బాలు. ఈ చిక్కును విప్పడానికి పై నుంచి ఉత్తర్వు వచ్చింది. "ఖాళీ కాని పాత్రలను, లేబులానుసారం వినియోగించి, ఖాళీ చేయవలెను." అంటే పౌడరు డబ్బాలో ఉన్నదాన్ని పౌడరులా చల్లుకోవాలి. స్నో డబ్బాలో ఉన్నదాన్ని ముఖానికి రాసుకోవాలి. జనం ఎగ్గొట్టకుండా ఈ పని అధికారి కళ్ళముందే జరగాలి.

వేసవి సెలవలు కాబట్టి బడి వరండా ఖాళీగా ఉంది. అక్కడ వినియోగ శిబిరం పెట్టారు. అద్దాలు, తువ్వాళ్ళు, నీళ్ళ బకెట్లు ఏర్పాటు చేశారు. 'అందంగా ఖాళీ చేద్దాం' అని గుడ్డ మీద రాసి కట్టారు. ఊరు వరసలో నిలబడింది.

ముందు నాగరత్నం వచ్చింది. ఆమె పౌడరు డబ్బాలో ఆవాలు. మెడ చుట్టూ, చేతుల మీద చల్లుకుంది. ఆవాలు వరండా అంతా దొర్లాయి. తాలింపు కోసం దాచుకున్న ఆవాలు.

"అయింది బాబూ. నూనె కూడా కాచి పోసుకోమంటారా?"

"నూనె ప్రస్తావన లేబుల్లో లేదమ్మా. తరవాత."

తౌడమ్మ అనే ముసలావిడ పెదాలకు రాసుకునే లేపనం డబ్బా తెచ్చింది. అందులో నస్యం. "ముక్కుకి పెట్టుకుంటాను నాయనా, చిటికెలో ఖాళీ చేసేస్తాను" అని బతిమాలింది. పెదవులు అని రాసి ఉంది కాబట్టి ముక్కు కుదరదని హేమచంద్ర అన్నాడు. ఆమె పెదాలకు పులుముకుంటుంటే గాలి వీచింది. వరస వరసంతా తుమ్మింది. హేమచంద్ర కూడా తుమ్మి, తేరుకుని, "ఉత్పత్తి ప్రభావవంతంగా ఉంది" అని రాయించాడు.

సర్పంచి ఇంట్లో దొరికింది సెంటు సీసా. అందులో ఉన్నది సెంటు కాదని ఊళ్ళో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. అంత మంది ముందు దాన్ని చంకల్లో రాసుకుంటూ సర్పంచి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. మంట వల్ల అని కొందరన్నారు. దండగైపోతోందని అన్నవాళ్ళే ఎక్కువ.

నాగరత్నం రెండో డబ్బా దగ్గర శిబిరం ఆగిపోయింది. అది కోల్డ్ క్రీము డబ్బా. లోపల ఆవకాయ.

"చంపినా రాసుకోను" అందావిడ.

"భయపడకండమ్మా. మండలి మీ వెంట ఉంది" అని హేమచంద్ర తనే వేలితో ఆవకాయ తీసి, అందరూ చూస్తుండగా రెండు బుగ్గలకూ రాసుకున్నాడు.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళు నిండాయి. ముక్కు కారింది. అలాగే నిటారుగా నిలబడి, "చర్మం... బిగువుగా... ఉన్నట్టు అనిపిస్తోంది" అన్నాడు. ఆపైన బకెట్లో తల పెట్టాడు.

"ఉజ్జోగం అంటే ఇదండీ" అంది తౌడమ్మ, జాలిగా. ఆ రోజు మొదలు ఊరు హేమచంద్రను తిట్టడం తగ్గించింది. సూరన్న తగ్గించలేదు.

సూరన్న శిబిరానికి వెళ్ళాడు గాని డబ్బా ముట్టుకోలేదు. వినియోగించుకోవడానికి నిరాకరించాడు కాబట్టి డబ్బాను మండలి గోదాములో పెట్టారు. రేకుల గోదాం. మధ్యాహ్నం లోపల అప్పడం వేగుతుంది. ఆ వేడికి విత్తనం లోపలే చచ్చిపోతుందని సూరన్న రోజూ ఆఫీసుకు పోయి కూర్చున్నాడు.

"విత్తనాలన్నారుగా. ఏ విత్తనాలు?" అని హేమచంద్ర అడిగాడు. బుగ్గల మీద తోలు ఇంకా ఊడుతోంది.

"నేతిబీర."

"అందులో నెయ్యి శాతం ఎంత?"

"నేతిబీరకాయలో నెయ్యి ఉండదు బాబూ. అది మా ఊళ్ళో సామెత."

"పేరులో ఉందే!"

"పేర్లో ఉంటే కాయలో ఉండాలా?"

"ఉండాలి. పదకొండో నిబంధన." హేమచంద్ర ఆలోచనలో పడ్డాడు. "నెయ్యి ఉన్నట్టయితే ఇది మా పరిధి కాదు. పాడిపరిశ్రమ వారిని అడగాలి."

అడిగాడు. నమూనాను కరిగించి పంపవలెనని పాడిపరిశ్రమ నుంచి జవాబు వచ్చింది. రేకుల వేడికి కూడా కరగలేదు కాబట్టి అది నెయ్యి కాదని, నెయ్యి కాదు కాబట్టి నేతిబీర కాదని, నేతిబీర కాదు కాబట్టి పౌడరేనని తేలిపోయింది. రూఢి కోసం ముద్ర కప్పని చిల్లుల్లోంచి చిటికెడు బూడిద దులిపి ప్రయోగశాలకు పంపారు. అక్కడ పౌడర్లకు మాత్రమే పరీక్షలున్నాయి. 'మృదుత్వం బాగు. సువాసన లేదు. జిడ్డు పీల్చుట అమోఘం' అని నివేదిక వచ్చింది.

"చూశారా? మంచి పౌడరు. మీ ఆవిడ అభిరుచి గలావిడ" అన్నాడు హేమచంద్ర.

సూరన్న లేచి బయటికి నడిచాడు. ఇంకాసేపు ఉంటే చెయ్యి కూడా మాట్లాడుతుందని అతనికి తెలుసు.

మృగశిర వచ్చింది. తొలివాన పడింది. సూరన్న పెరట్లోకి వెళ్ళి, ఎవరూ అడక్కుండానే గుంట తీశాడు. తీసి, దాని పక్కనే నిలబడ్డాడు. పాత అలవాటు. గుప్పిట మూసుకుని ఎవరూ రాలేదు. గుంట నిండా నీళ్ళు నిలిచాయి.

గోడ మీంచి నాగరత్నం చూసింది. "బావగారూ, బజారు యిత్తనం తెప్పించనా?"

"పీచు తినడానికి నేనేం పశువునా?"

ఇంకో కార్తె దాటితే అదును పోతుంది. వచ్చే ఏటికి ఉంచుదామంటే రేకుల కింద వేగిన విత్తనం మొలవదు. ఈ వానలకు పడకపోతే మంగాయమ్మ పాదు ఈ భూమ్మీద లేనట్టే.

ఆ వారమే మండలి అధ్యక్షులవారు వస్తున్నారని కబురొచ్చింది. వెదుళ్ళమెరకను 'అలంకరణ ప్లాస్టిక్ రహిత గ్రామం'గా ప్రకటిస్తారు. డబ్బాలు పిండి చేసే యంత్రం లారీ మీద వస్తుంది. అంతా సిద్ధమే. ఖాళీ కాని డబ్బా ఊరు మొత్తం మీద ఒక్కటే మిగిలింది. దానికీ దారి దొరికింది. వినియోగదారు మరణించినచో ఆ వినియోగమును తగిన హోదా గల వ్యక్తి పూర్తి చేయవచ్చునట. మంగాయమ్మ పౌడరును అధ్యక్షులవారే స్వయంగా సభాముఖంగా రాసుకుని, డబ్బా ఖాళీ చేస్తారు.

సభ బడి ఆవరణలో. సూరన్నకు ముందు వరసలో కుర్చీ వేశారు. 'లబ్ధిదారుడు' అని రాసిన బిళ్ళ చొక్కాకు గుచ్చారు.

"బావగారూ, మీకేం లబ్ధి వచ్చిందండీ?" అని నాగరత్నం వెనక నుంచి గొణిగింది.

"ఇంకా రాలేదు. వస్తే తీసుకెళ్దామని తువ్వాలు తెచ్చాను."

అధ్యక్షులవారు భారీ మనిషి. వాన వెలిసిన ఉక్కలో ధారలుగా చెమట పోస్తోంది. మైకు పట్టుకున్నారు. "సోదర సోదరీమణులారా! డబ్బా అంటే ఏమిటి? డబ్బా అంటే ఒక బాధ్యత. ఈనాడు మనం డబ్బాను ఖాళీ చేస్తే, రేపు డబ్బా మన భవిష్యత్తును నింపుతుంది!" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. అర్థం కానిదానికి చప్పట్లు కొట్టడం మర్యాద.

ముద్ర చింపారు. అధ్యక్షులవారు డబ్బాను అరచేతి మీద ఊపారు. బూడిద రాలింది. ముఖానికి రాసుకున్నారు. మళ్ళీ ఊపారు. గలగలమంది. డబ్బా ఖాళీ కాలేదు.

"గడ్డలండి" అన్నాడు హేమచంద్ర. "చిల్లుల మూత తీసేస్తే సరిపోతుంది."

తీశారు. అధ్యక్షులవారు డబ్బాను దోసిట్లో బోర్లించి, ఉన్నదంతా ముఖానికి, మెడకు, చెవుల వెనక్కి దట్టంగా పులుముకున్నారు. చెమటకు బూడిద ముద్దయింది. ముద్దలో నల్లటి గింజలు అంటుకుపోయాయి. ఆ ముఖం నువ్వులద్దిన అరిసెలా తయారయింది. ఫొటోలు తీశారు.

అధ్యక్షులవారు ముఖం తుడుచుకోవడానికి పక్కవాడి చేతిలోంచి తడిగుడ్డ అందుకోబోయారు.

సూరన్న లేచి వేదిక ఎక్కాడు. కానిస్టేబులు అడ్డం వచ్చాడు. "ఎక్కడికి?"

సూరన్న బిళ్ళ చూపించాడు. "లబ్ధి కోసం."

కానిస్టేబులు బిళ్ళ మీద ఉన్నది చదివి పక్కకు తప్పుకున్నాడు.

సూరన్న ఆ తడిగుడ్డను లాక్కుని అవతల పడేశాడు. తన తువ్వాలు అధ్యక్షులవారి ఒళ్ళో పరిచాడు. ఎడమచేత్తో ఆయన గడ్డం పట్టుకుని వెలుగు వైపు తిప్పాడు. కుడిచేత్తో బుగ్గ మీంచి ఒక్కో గింజా ఏరడం మొదలుపెట్టాడు. గేదె చెవుల్లో గోమార్లు ఏరిన చెయ్యి అది. తొందరపడదు, గురి తప్పదు.

"ఏమిటయ్యా ఇది?" అన్నారు అధ్యక్షులవారు, పెదాలు కదపకుండా.

"కదలకండి."

అధ్యక్షులవారు కదల్లేదు. ఆయనతో ఆ గొంతుతో మాట్లాడిన మనిషి చాలా కాలంగా లేడు.

సభకు ఏం చెప్పాలో తెలియక హేమచంద్ర మైకందుకున్నాడు. "లబ్ధిదారుడు... కృతజ్ఞతా సూచకంగా... అధ్యక్షులవారికి ముఖసేవ చేస్తున్నారు." జనం చప్పట్లు కొట్టారు. సూరన్న నుదురు ముగించి మీసంలోకి వచ్చాడు. అధ్యక్షులవారి కళ్ళు వాటంతట అవే మూతలు పడ్డాయి.

"ఎడం చెవి వెనక కూడా చూడవయ్యా. దురదగా ఉంది" అన్నారు నెమ్మదిగా.

సూరన్న చూశాడు. అక్కడ బాగా దొరికాయి. మెడ ముడతల్లో కూడా దొరికాయి. ఒకటి చొక్కా కాలరులోకి జారితే, కాలరు దులిపి దాన్ని కూడా తీశాడు. తువ్వాలు నాలుగు అంచులూ కలిపి ముడి వేశాడు.

అప్పుడు హేమచంద్రకు మెలకువ వచ్చింది. "ఆగండి! లోపలి సరుకును వేరొకదానిలోకి మార్చుట. ఇది పాత్రాంతరం!"

అధ్యక్షులవారు కళ్ళు తెరిచారు. మంచి నిద్ర పాడైన మనిషి చూసే చూపు చూశారు. "దేనిలోంచి మార్చాడయ్యా?"

"తమరి ముఖంలోంచండి."

"నా ముఖం పాత్రా?"

హేమచంద్ర నిబంధనల పుస్తకం తెరిచాడు. పాత్ర అయితే ముందుగా అడుగు పరిశీలించాలి. అడుగు పరిశీలించాలంటే తలకిందులు చెయ్యాలి. ఆయన అధ్యక్షులవారి కొలతలు ఒకసారి చూశాడు. తన ఉద్యోగం గుర్తు తెచ్చుకున్నాడు. నిబంధనల పుస్తకం మూశాడు.

"కాదండి" అన్నాడు. "పాత్ర కాదు."

"మరి అతన్ని పోనివ్వు."

సూరన్న తువ్వాలు మూట చంకలో పెట్టుకుని వేదిక దిగాడు. వెనక లారీ మీద యంత్రం మొదలైంది. ఖాళీ అయిన పౌడరు డబ్బా అందులోకి వెళ్ళింది. పువ్వు పెట్టుకున్న ఆడమనిషి గులాబిరంగు రవ్వలై రాలుతుంటే జనమంతా చూశారు. సూరన్న తిరిగి చూడలేదు. ఆ రవ్వల్ని జ్ఞాపికగా ఒక ప్లాస్టిక్ సంచిలో పోసి సాయంత్రం ఇంటికి పంపారు. దాన్ని జీపులోకే తిరిగి విసిరాడు.

ఆ పూటే గుంటలో నీళ్ళు తోడేసి, మట్టి గుల్ల చేసి, తువ్వాలు విప్పాడు. గింజలు కొన్ని నల్లగా నిగనిగలాడుతున్నాయి, కొన్ని కమిలిపోయాయి. అన్నీ వేశాడు. రోజూ పొద్దున్నే పోయి చూసేవాడు. చూసి, తిట్టుకుంటూ వచ్చేవాడు. చివరికి ఒక పొద్దున తిట్టకుండా వచ్చాడు. నాగరత్నం గోడ దగ్గరికి పరిగెత్తింది. మట్టి పగిలి రెండాకులు బయటికి వచ్చి ఉన్నాయి. వేసినవాటిలో ఎక్కువ పాలు చచ్చాయి. మూడు తీగలు మాత్రం కంచె పట్టాయి. ఒక పాదుకు అవి చాలు.

భాద్రపదంలో తొలికాయ కోశాడు. పచ్చడి తనే చేశాడు. ఉప్పు ఎక్కువైంది. పాళ్ళు చెప్పకుండా పోయిందని ఆ తప్పు కూడా మంగాయమ్మ మీదే వేసి, గిన్నె ఊడ్చి తిన్నాడు.

పాదు నిండా పసుపు పూలున్న రోజుల్లో జీపు మళ్ళీ వచ్చింది. హేమచంద్ర దిగాడు. అధ్యక్షులవారి ముఖంలో జిడ్డు పోయి కళ వచ్చిందట. రాజధానిలో పెద్ద సభ పెడుతున్నారట. లబ్ధిదారుడి హోదాలో సూరన్న వచ్చి, ఆ పౌడరు గురించి, పథకం గురించి నాలుగు ముక్కలు మాట్లాడాలట. వేదిక మీద శాలువా కప్పుతారట. ఊరివాళ్ళు కూడా కంచె చుట్టూ చేరారు. వాళ్ళకు కావలసింది వేరు. అధ్యక్షుడి మీసంలో చెయ్యి పెట్టినప్పుడు ఎలా ఉందో సూరన్న నోటితో వినాలని వాళ్ళ కోరిక. అప్పటికి అడగని ఇల్లు లేదు, అడగని పెళ్ళి పందిరి లేదు.

"ఒక్కసారి చెప్పండి బావగారూ, మీ నోటితో వింటే తృప్తి" అంది నాగరత్నం.

సూరన్న తీగకు ఊత కడుతున్నవాడల్లా తాడు ముడి బిగించి, అందరి వైపూ తిరిగాడు.

"మా ఆవిడ యిత్తనాన్ని పరాయోడి మొహం మీంచి ఏరుకున్నాను. ఏరుకోవాల్సొచ్చింది, ఏరుకున్నాను. యిత్తనం కావలిసినోళ్ళు కార్తీకంలో కాయ ఎండాక రండి, చేతిలో పోస్తాను. ఆ సంగతి మాత్రం అడక్కండి. సభలో చెప్పను, గడపలో చెప్పను, రేపు నన్ను పాడె మీదికెక్కించేప్పుడు అడిగినా చెప్పను. ఈ నోట దాని ఊసు ఇంతటితో సరి."

అని, కంచె తలుపు వేసుకున్నాడు.